చౌక నూనె ఎవరికి చౌక?

2025 వర్షాకాలంలో అనంతపురం జిల్లాలో ఒక మహిళా సంఘం తమ కార్యకర్తలకు రెండు రోజుల శిక్షణా తరగతులు పెట్టింది. ‘అంతర్జాతీయ వాణిజ్యం - ప్రాథమిక భావనలు’ అన్న పాఠం నాకు అప్పగించారు. భోజనాలయ్యాక పెట్టిన తరగతి. సగం మంది కళ్ళు మూతలు పడుతున్నాయి. బోర్డు మీద ‘తులనాత్మక వ్యయ సిద్ధాంతం’ అని రాసి, ఇంగ్లండు బట్ట, పోర్చుగల్ ద్రాక్షసారా అంటూ మొదలుపెట్టాను. వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్న అరవై ఏళ్ళ పెద్దామె చెయ్యెత్తింది.

“అమ్మా, బుడ్డలు పండించేది మేము. మా ఇంట్లో వండేది పాకెట్టు నూనె. అది ఓడెక్కి వస్తాదంటారు. అంత దూరం నుంచి వచ్చి మా గానుగ నూనెలో సగం ధరకు ఎట్ల దొరుకుతాది?”

అనంతపురంలో వేరుశనగను బుడ్డలంటారు. నేను పాఠంలో ఉన్న జవాబే చెప్పాను. మలేషియా, ఇండోనేషియా నేలల్లో వాన ఎక్కువ. అక్కడ పామాయిల్ తోట హెక్టారుకు మూడు టన్నులకు పైగా నూనె ఇస్తుంది. ఇక్కడ వానాధారపు వేరుశనగ మంచి ఏడాదిలో కూడా హెక్టారుకు టన్ను కాయలు దాటడం అరుదు, అందులో నూనె మూడో వంతుకు మించదు. ఎవరు ఏది చౌకగా చేయగలరో వాళ్ళు అది చేసి, మిగతావి కొనుక్కుంటే అందరికీ లాభమని ఆర్థికశాస్త్రం చెబుతుందన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. “అట్లయితే మంచిదే కదమ్మా. మరి మా కూలి యాడికి పాయె?”

ఈ ప్రశ్న పాఠంలో లేదు. ఎందుకు లేదో వివరించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. సుంకాలు, ఒప్పందాలు అనగానే అవి మనవి కావు, ఢిల్లీలో లెక్కలు తెలిసినవాళ్ళు చూసుకునేవి అని మన సంఘాల్లో ఒక వెనకడుగు ఉంది. గృహహింస చట్టం గురించి గంటసేపు అనర్గళంగా మాట్లాడగల కార్యకర్తలు కూడా బడ్జెట్‌లో వంటనూనె మీద సుంకం మారిందంటే పేజీ తిప్పేస్తారు. నేనూ చాలాకాలం తిప్పేసినదాన్నే.

డేవిడ్ రికార్డో 1817లో రాసిన పుస్తకంలో ఇచ్చిన లెక్క ఇది. కొంత బట్ట నేయడానికి ఇంగ్లండులో ఏడాదికి 100 మంది శ్రమ కావాలి. కొంత సారా చేయడానికి 120 మంది కావాలి. పోర్చుగల్‌లో అదే సారాకు 80 మంది, అదే బట్టకు 90 మంది చాలు. అంటే రెండు పనుల్లోనూ పోర్చుగలే మెరుగు. అయినా పోర్చుగల్ సారా మీద దృష్టిపెట్టి, బట్టను ఇంగ్లండు నుంచి కొనుక్కుంటే రెండు దేశాలకూ లాభమని ఆయన చూపించాడు. మామూలు బుద్ధికి తట్టని సంగతి. లెక్కగా చూస్తే తప్పు పట్టలేం కూడా. (ఆ 80 మందీ, 90 మందీ రికార్డో పుస్తకంలో పురుషులే. వాళ్ళకు వండిపెట్టినవాళ్ళ శ్రమ ఏ గడిలోకి వస్తుందని మనం అడగవచ్చు, కానీ ఈసారికి దాన్ని వదిలేద్దాం.)

లెక్క నిలబడాలంటే ఒక షరతు ఉంది. పోర్చుగల్‌లో మగ్గం ఆగిపోయినవాడు మర్నాడే ద్రాక్షతోటలో పనికి కుదరాలి. దేశం లోపల శ్రమ ఒక పని నుంచి మరో పనికి ఏ ఖర్చూ లేకుండా నడిచి వెళ్ళాలి. దేశాల మధ్య మాత్రం సరుకులే కదలాలి, మనుషులు కదలకూడదు. అనంతపురంలో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. నూనె వచ్చింది, మనుషులు వెళ్ళారు. కలుపు తీసే చేతులకు జిల్లాలో ఎదురుచూస్తున్న ద్రాక్షతోట ఏదీ లేదు. బెంగుళూరులో ఇటుకలు మోసే పని ఉంది. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్ళలో పనికి వెళ్ళే దారి ఉంది.

సుంకం సంగతికి వస్తాను. 1980లలో దేశం వంటనూనె కోసం విదేశీ మారకద్రవ్యం విపరీతంగా ఖర్చుపెట్టేది. దిగుమతి చేసేది ప్రభుత్వ సంస్థ, పంచేది రేషన్ షాపు. పామోలిన్ డబ్బా పట్టుకుని వరసలో నిలబడటం నా తరం ఆడపిల్లలకు బాగా గుర్తు. 1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ ప్రారంభించింది. విత్తనాలు, మద్దతు ధర, సేకరణ, దిగుమతులపై అదుపు అన్నీ కలిపి నడిచాయి. 1985-86లో సుమారు 1.1 కోట్ల టన్నులున్న నూనెగింజల ఉత్పత్తి 1993-94కల్లా రెండు కోట్ల టన్నులు దాటింది. దేశంలో వాడే వంటనూనెలో నూటికి 95 వంతులకు పైగా ఇక్కడే తయారైంది. రాయలసీమ వేరుశనగకు అవి మంచి రోజులు. జొన్న, కొర్ర వేసే చేలు కూడా వేరుశనగలోకి మారాయి. ఒకే పంట మీద జిల్లా అంతా ఆధారపడటం అప్పుడే మొదలైంది. ఆ పొరపాటును దిగుమతుల ఖాతాలో వేయలేం.

1991లో చెల్లింపుల సంక్షోభం వచ్చింది. బంగారం తాకట్టు పెట్టారు, రూపాయి విలువ తగ్గించారు, నూతన ఆర్థిక విధానాలు వచ్చాయి. 1994లో పామోలిన్‌ను ఎవరైనా దిగుమతి చేసుకునేలా ఓపెన్ జనరల్ లైసెన్సులో చేర్చి 65 శాతం సుంకం పెట్టారు. 1995లో దాదాపు అన్ని వంటనూనెలనూ చేర్చి సుంకం 30 శాతానికి దించారు. 1996లో 20 శాతం, 1998లో 15 శాతం. నాలుగేళ్ళలో 65 నుంచి 15కు దిగిందన్నమాట. దశాబ్దం ముగిసేసరికి దిగుమతులు ఏడాదికి 40 లక్షల టన్నులు దాటాయి. 2023-24లో సుమారు 160 లక్షల టన్నులు. ఇప్పుడు మనం వాడే నూనెలో నూటికి 55 నుంచి 60 వంతులు బయటిదే.

ప్రపంచ వాణిజ్య సంస్థ వాళ్ళు దించమన్నారు కాబట్టి దించారని మన సభల్లో తరచు అంటుంటాం. ఇది సరికాదు, ఎందుకు కాదో తెలుసుకోవడం మనకు చాలా అవసరం. ఆ సంస్థలో ప్రతి దేశమూ ప్రతి వ్యవసాయ సరుకు మీదా ‘ఇంతకు మించి సుంకం వేయను’ అని ఒక పరిమితికి కట్టుబడుతుంది. దాన్ని బౌండ్ రేటంటారు. నిజంగా వసూలు చేసేది వేరు, అది అమలు రేటు. పామాయిల్ మీద మన బౌండ్ రేటు 300 శాతం. అంటే 1998లో 15 శాతం వేసిన ప్రభుత్వానికి 300 దాకా వేసే హక్కు ఉంది. దించడం ఢిల్లీ తీసుకున్న నిర్ణయం, జెనీవాది కాదు. సోయా నూనె మీద మాత్రం మన బౌండ్ రేటు 45 శాతమే. కాబట్టి పామాయిల్ మీద ఎంత పెంచినా ఒక స్థాయి దాటితే వ్యాపారి అర్జెంటీనా సోయా నూనె వైపు తిరుగుతాడు. ఒక సరుకు మీద ఎప్పుడో పెట్టిన సంతకం మరో సరుకు మీద మన చేతులు ఇలా కట్టేస్తుంది.

2010 జనవరి నుంచి ఆగ్నేయాసియా దేశాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఆ దేశాల ముడి పామాయిల్ మీద సుంకం 2019 చివరికి 37.5 శాతానికి, శుద్ధి చేసిన దాని మీద 45 శాతానికి పరిమితం కావాలి. 300 శాతం హక్కు కాగితం మీద ఉండగానే దాన్ని పక్కదారిలో వదులుకున్నాం. ఆ ఒప్పందం మీద సంతకమైన 2009లో కేరళలో కొబ్బరి, మిరియాల రైతులు పెద్దయెత్తున ఆందోళన చేశారు. వేరుశనగ కూలీల పేరు ఎక్కడా వినబడలేదు.

కూలీల పేరు ఎందుకు వినబడదు? వేరుశనగలో ఆడవాళ్ళు చేసే పని చూసినవాళ్ళకు ఈ ప్రశ్న వింతగా అనిపిస్తుంది. విత్తనాల కోసం కాయలు ఒలిచేది ఆడవాళ్ళు. వేళ్ళు పొక్కి, బొటనవేలి గోరు అరిగిపోయే పని, కొలత లెక్కన కూలి. గొర్రు వెనక విత్తనాలు వేసేది, కలుపు తీసేది, చెట్లు పెరికాక కూర్చుని కాయలు కోసేది ఆడవాళ్ళే. కాయలు కోసినందుకు చాలాచోట్ల కూలిగా కాయలే ఇచ్చేవారు, వాటితో ఇంటికి నూనె వచ్చేది. పంట ఎత్తాక నేలలో మిగిలిన కాయల్ని పరిగె ఏరుకునే హక్కు భూమిలేని ఇళ్ళ ఆడవాళ్ళది. వేరుశనగ కట్టె బర్రెలకు మేత, చెక్క దాణా. బర్రె పాలు అమ్మితే వచ్చే డబ్బు, అది ఎంత కొద్దిదైనా, ఆమె చేతికి వచ్చేది. చేనుకు పట్టా మాత్రం భర్త పేరు మీద, లేదా మామ పేరు మీద ఉంటుంది. అందుకే పంట దెబ్బతింటే లెక్కలోకి వచ్చేది పట్టాదారు నష్టం. కూలి కాయలు, పరిగె, మేత, పాలు ఏ ఖాతాలోనూ లేవు కనుక పోయినట్టు కూడా ఎక్కడా నమోదు కాలేదు.

అనంతపురం వేరుశనగను చంపింది పామాయిల్ ఒక్కటే అనడం లేదు. వరస కరువులు వచ్చాయి. 2000 ఖరీఫ్‌లో కాండం కుళ్ళు వైరస్ తెగులు రెండు లక్షలకు పైగా హెక్టార్లను దెబ్బతీసింది. బోర్ల కోసం చేసిన అప్పులున్నాయి. కానీ పంట పోయిన ఏడాది ధర పెరిగి రైతును కొంత నిలబెట్టడం పాత లెక్క. పంట తగ్గితే సరుకు కొరత, కొరతతో ధర. సముద్రం అవతలి నుంచి నూనె వచ్చి ఆ కొరత తీర్చినప్పుడు, పంటా పోతుంది, ధరా పెరగదు. చిన్న రైతు మొదట తగ్గించే ఖర్చు కూలీ ఖర్చు. కలుపు రెండుసార్లు తీయించేవాడు ఒకసారి తీయిస్తాడు, ఆ ఒక్కసారి కూడా సొంత ఇంటి ఆడవాళ్ళతోనే.

అర్థశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో సుంకం తగ్గింపుకు ఒక బొమ్మ ఉంటుంది. రెండు గీతలు, మధ్యలో త్రికోణాలు. సుంకం తగ్గితే ‘వినియోగదారుని మిగులు’ పెరుగుతుంది, ‘ఉత్పత్తిదారుని మిగులు’ తగ్గుతుంది. పెరిగింది తగ్గినదానికంటే ఎక్కువ కాబట్టి దేశానికి నికర లాభం. మరి నష్టపోయినవాళ్ళ సంగతి? 1939లో కాల్డర్, హిక్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దానికి జవాబిచ్చారు. లాభపడినవాళ్ళు నష్టపోయినవాళ్ళకు పరిహారం ఇచ్చినా ఇంకా మిగులుందంటే ఆ మార్పు మంచిదే. ఇవ్వగలిగితే చాలు, ఇవ్వనక్కర్లేదు! ఇది చదివినప్పుడు నాకు మనోవర్తి కేసులు గుర్తుకొచ్చాయి. ఆయనకు ఇచ్చే స్తోమత ఉందని కోర్టు తేల్చగానే ఆమెకు ముట్టినట్టే అనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

పరిహారం ఊహలోనే ఉండనక్కర్లేదు. దిగుమతుల వల్ల పని పోయినవాళ్ళకు భృతి, శిక్షణ ఇవ్వడానికి అమెరికా 1962లోనే చట్టంలో ఏర్పాటు చేసుకుంది. 2022 జూలై నుంచి దానికింద కొత్తవాళ్ళను తీసుకోవడం ఆగిపోయింది, అది వేరే కథ. మన దేశంలో అలాంటి ఏర్పాటు ఎన్నడూ లేదు. దగ్గరగా వచ్చింది ఉపాధి హామీ చట్టమే. ఆ పథకం దేశంలో మొదలైంది 2006 ఫిబ్రవరి 2న, అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఆ వంద రోజుల పనిలోకి ఆడవాళ్ళు ఎంత పెద్ద సంఖ్యలో వచ్చారో మనందరం చూశాం. 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. దాని మంచిచెడ్డలు మరో వ్యాసానికి తగ్గ విషయం.

ఇక్కడ నేను కొందరు మిత్రులతో విభేదిస్తాను. దిగుమతులు ఆపండి, సుంకం పెంచండి అన్నది మన నినాదం కావాలని వాళ్ళంటారు. హైదరాబాదు బస్తీలో ఇళ్ళపని చేసుకునే మనిషికి నూనె లీటరు మీద ఇరవై రూపాయలు పెరిగితే పిల్లల కూరలో తాలింపు తగ్గుతుంది. ఆ మనిషి చాలాసార్లు అనంతపురం నుంచో, పాలమూరు నుంచో వలస వచ్చినదే. పాఠ్యపుస్తకం వినియోగదారును ఒకచోట, ఉత్పత్తిదారును ఒకచోట నిలబెట్టి త్రికోణాలు కొలుస్తుంది. మన దగ్గర ఆ ఇద్దరూ ఒక్కోసారి ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళు, ఒక్కోసారి ఒకే మనిషి. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి వంటనూనెల మీద బేసిక్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి, శుద్ధి చేసిన వాటి మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచింది. రైతు కోసమే అన్నారు. పండగల ముందు ప్యాకెట్టు ధర వెంటనే పెరిగింది. కానీ ఆ సీజన్లో వేరుశనగ చాలా మార్కెట్లలో మద్దతు ధర క్వింటాలు 6,783 రూపాయల కంటే తక్కువకే అమ్ముడైంది. సుంకం పెంచితే వంటగది దాకా చేరింది గానీ చేనిదాకా చేరలేదు. మధ్యలో సేకరణ లేదు, నిల్వ లేదు, అప్పిచ్చిన వ్యాపారికే అమ్మక తప్పని పరిస్థితి మాత్రం ఉంది.

2025 మే చివర్లో ముడి నూనెల మీద బేసిక్ సుంకాన్ని 20 నుంచి 10కి తగ్గించారు. శుద్ధి చేసిన దాని మీద 32.5 అలాగే ఉంచారు. ఈ తేడా ఎందుకు? ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేసే కర్మాగారాలకు లాభం ఉండాలని. ఆ కర్మాగారాల సంఘాలు ఈ తేడా కోసం బహిరంగంగానే విజ్ఞప్తులు చేశాయి, వాళ్ళ మాట చెల్లింది. కాకినాడ, కృష్ణపట్నం రేవుల దగ్గర ఆ కర్మాగారాలున్నాయి, వాటిలోనూ ఉద్యోగాలున్నాయి, కాదనను. నేను చెప్పదలచింది ఒక్కటే. సుంకం రేటు ప్రకృతి ధర్మం కాదు, అడిగినవాళ్ళను బట్టి మారుతుంది. 2018 మార్చిలో ముడి పామాయిల్ మీద 44 శాతం, 2021 అక్టోబరులో సున్నా. ఇన్నిసార్లు మారినప్పుడు ఒక్కసారైనా కూలి ఆడవాళ్ళను అడిగిన దాఖలా నాకు కనిపించలేదు.

చౌక అనే మాటకు మరో కొస కూడా ఉంది. ఇండోనేషియా తోటల్లో కలుపు మందు పిచికారీ చేసేది, ఎరువు చల్లేది ఎక్కువగా ఆడవాళ్ళే. వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి రోజు కూలీలుగానే ఉండిపోతారు. గెలలు కోసే మగవాళ్ళకు పర్మనెంటు ఉద్యోగం వచ్చినా వీళ్ళకు రాదు. మన ప్యాకెట్టు ధరలో ఆ చౌక శ్రమ కలిసే ఉంది. ఆ చౌక కూడా మన చేతిలో లేదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన ప్రజలకు నూనె దొరకడం లేదని పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. మూడు వారాలపైన ఆ నిషేధం నడిచింది. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె అప్పటికే మండిపోతోంది.

ఆ భయంతోనే పామాయిల్ తోటలు ఇక్కడే పెంచాలన్న పట్టుదల ఎక్కువైంది. 2021లో 11,040 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్ మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు అందులో ముందున్నాయి. దీనికి నీళ్ళు కావాలి, మూడు నాలుగేళ్ళు కాపు కోసం ఎదురుచూసే స్తోమత కావాలి, పట్టా కావాలి. వేరుశనగలా ఏటా విత్తడం, కలుపు, కాయకోత అంటూ వందల చేతులకు పని ఇచ్చే పంట కాదిది. దేశానికి నూనె భద్రత రావచ్చు. ఆ పెద్దామె అడిగిన కూలికి మాత్రం ఇది జవాబు కాదు.

మరి మనం ఏమడగాలి? నాకు తోచినవి రెండు. 2021 ఫిబ్రవరి బడ్జెట్లో ‘వ్యవసాయ మౌలిక వసతుల అభివృద్ధి సెస్సు’ అని ఒకటి పెట్టి, దిగుమతి నూనెల మీద కూడా వసూలు చేస్తున్నారు. సెస్సు కాబట్టి రాష్ట్రాలకు వాటా ఇవ్వనక్కర్లేదు. ఏడాదికి లక్ష కోట్ల రూపాయలకు పైగా విలువైన దిగుమతుల మీద వచ్చే ఈ రాబడిలో నూనెగింజల జిల్లాలకు ఎంత చేరింది, అందులో ఆడవాళ్ళ చేతికి ఏమొచ్చింది? సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబు పూర్తిగా రాకపోయినా, అడిగిన సంగతి రికార్డులో ఉంటుంది.

రెండోది కొంచెం వివరంగా చెప్పాలి. స్థానికంగా కొనమని ప్రభుత్వాన్ని అడిగితే ‘డబ్ల్యూటీవో ఒప్పుకోదమ్మా’ అని అధికారులు తోసిపుచ్చడం నేను రెండు సమావేశాల్లో విన్నాను. గాట్ ఒప్పందం 3వ అధికరణం 8వ పేరా చూడండి. దేశీయ సరుకుకూ విదేశీ సరుకుకూ తేడా చూపరాదన్న నియమం, ప్రభుత్వం తన అవసరాలకు కొనే, వ్యాపారానికి తిరిగి అమ్మని సరుకులకు వర్తించదని అందులో ఉంది. ప్రభుత్వ కొనుగోళ్ళ మీద ఆ సంస్థలో ఉన్న విడి ఒప్పందంలో మనదేశం చేరలేదు. కాబట్టి అంగన్‌వాడీలకు, బడుల్లో మధ్యాహ్న భోజనానికి, హాస్టళ్ళకు వాడే నూనెను అనంతపురంలోనో, కర్నూలులోనో, పాలమూరులోనో మహిళా సంఘాలు నడిపే గానుగల నుంచి కొంటామంటే అంతర్జాతీయ నియమం ఏదీ అడ్డు రాదు. ఖర్చు ఎక్కువవుతుంది, నిజమే. కాల్డర్, హిక్స్ చెప్పిన ఆ ‘ఇవ్వగలిగిన’ పరిహారాన్ని ఇక్కడ నిజంగా ఇవ్వవచ్చు. కూలి రోజులు, చెక్క, దాణా అన్నీ ఊళ్ళోనే మిగులుతాయి.

ఆ రోజు తరగతి అయ్యాక పెద్దామెతో ఇదంతా కాస్త కాస్తగా మాట్లాడాను. గానుగ మాట వినగానే “నడిపేది మేమైతే కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఇస్తారమ్మా?” అని అడిగింది. పట్టా లేని ఆడవాళ్ళ సంఘం పేరు మీద యూనిట్ కనెక్షన్ ఎలా తీసుకోవాలో కనుక్కుంటున్నాం. మీ జిల్లాల్లో ఎవరైనా తీసుకుని ఉంటే సంపాదకులకు రాయండి, వచ్చే సంచికలో వేద్దాం.